చర్మం కింద పదిహేను అంకెలు

కుక్కలకు వేసే మైక్రోచిప్ గురించి క్లాసులో చెబితే పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న: "బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుంది సార్?" అసలు బ్యాటరీయే లేదంటే ఓ పట్టాన నమ్మరు. నాకు ఆ చిప్ మీద అంత మమకారం కలగడానికి కారణం కూడా అదే.

12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం ఉండే గాజు గొట్టం. లోపల ఫెర్రైట్ కడ్డీ, దాని చుట్టూ అతి సన్నని రాగితీగ, ఓ కెపాసిటర్, చిటికెడు సిలికాన్. డాక్టరు సూదితో భుజాల నడుమ చర్మం కింద దించేస్తారు. ఇది జీపీఎస్ కాదు, కుక్క ఏ వీధిలో ఉందో చెప్పలేదు. ఎవరో కుక్కను పట్టుకొచ్చి, చిప్ చదివే రీడర్ దగ్గర పెట్టినప్పుడే దీనికి ప్రాణం వస్తుంది.

రీడర్‌లోనూ ఓ తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకు 1,34,200 సార్లు ఊగుతూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. మారే క్షేత్రం పక్కనున్న తీగలో కరెంటు పుట్టిస్తుందని ఫారడే 1831లోనే చూపించాడు. చిప్‌లోని చుట్టనూ కెపాసిటర్‌నూ సరిగ్గా ఆ పౌనఃపున్యానికే శ్రుతి చేసి ఉంచుతారు. అందుకే అందిన కాస్త శక్తే సిలికాన్‌ను నడపడానికి సరిపోతుంది.

అసలు తెలివి ఇక్కడుంది. చిప్‌కి సొంత ట్రాన్స్‌మిటర్ లేదు. మరి జవాబెలా చెబుతుంది? రీడర్ ఇచ్చే శక్తినే ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా లాగుతుంది, అంతే! పక్కింట్లో మోటారు వేస్తే మనింట్లో బల్బు కాస్త డిమ్మవుతుంది కదా, మోటారు నడుస్తోందని మనకు ఆ బల్బే చెబుతుంది. అలాగే చిప్ లాగినప్పుడల్లా రీడర్ చుట్టలో వోల్టేజీ రవ్వంత తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల వరసలోంచే సున్నాలూ ఒకట్లూ బయటికొస్తాయి. ఒక్కో బిట్‌కు 32 ఊపులు. మొత్తం 128 బిట్ల సందేశానికి పట్టేది సుమారు 30 మిల్లీసెకన్లు. కండరాలూ నెత్తురూ ఇంత తక్కువ పౌనఃపున్యాన్ని అడ్డుకోవు, కానీ దూరం పెరిగేకొద్దీ క్షేత్రం వేగంగా పలచబడిపోతుంది కాబట్టి రీడర్‌ను ఒంటికి దగ్గరగా పెట్టాలి. చిప్ అడ్డం తిరిగి ఉంటే చుట్టలు ఒకదానికొకటి అందవు. అందుకే అనుభవమున్నవాళ్లు రీడర్‌ను మెడ నుంచి కాళ్ల దాకా నెమ్మదిగా మెలికలు తిప్పుతారు.

ఇంత చక్కటి ఉపాయాన్ని అమెరికాలో కంపెనీల పోటీ చెడగొట్టింది. 1996లో అంతర్జాతీయ ప్రమాణం 134.2 కిలోహెర్ట్జ్ అని ఖాయం చేసినా, అక్కడ 125 కిలోహెర్ట్జ్ చిప్‌లే రాజ్యమేలాయి. 2004లో వర్జీనియాలో ఓ కుక్క దొరికింది. దాని ఒంట్లో చిప్ ఉంది, కానీ అది 134.2ది. దాన్ని చేర్చిన జంతువుల షెల్టర్ దగ్గరున్నది 125 రీడర్. నంబరు కనబడలేదు. కుక్కను చంపేశారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది. అన్ని పౌనఃపున్యాలనూ చదివే రీడర్లు తర్వాత వాడుకలోకి వచ్చాయి.

చిప్ చెప్పేది 15 అంకెలు మాత్రమే. యజమాని పేరూ ఫోన్ నంబరూ ఉండేది రిజిస్ట్రీలో. ఈ చిప్ పిల్లులకూ వేస్తారు. 2009లో అచ్చయిన ఓ అమెరికా అధ్యయనంలో, చిప్ ఉండి షెల్టర్లకు చేరిన పిల్లుల్లో 38.5 శాతం యజమానుల దగ్గరకు వెళ్లాయి. మొత్తం దారి తప్పిన పిల్లుల్లో అయితే 1.8 శాతమే. చిప్ ఉన్నా ఇల్లు చేరని వాటి విషయంలో తరచుగా కనబడిన కారణం, రిజిస్ట్రీలో ఫోన్ నంబరు తప్పు కావడం లేదా పనిచేయకపోవడం.

ఇంగ్లండ్‌లో కుక్కలకు 2016 నుంచి, పిల్లులకు 2024 నుంచి చిప్ తప్పనిసరి. 2024 ఆగస్టు నుంచి అమెరికాలో అడుగుపెట్టే ప్రతి కుక్కకూ ఉండాల్సిందే. హైదరాబాద్ నుంచి కుక్కను వెంట తీసుకెళ్లాలనుకునేవాళ్లు ముందు చిప్ వేయించి, ఆ తర్వాతే రేబిస్ టీకా వేయించండి. టీకా పత్రం మీద ఆ 15 అంకెలు ఉండాలి మరి.