నోరు తెరవాలంటే భయమెందుకు?

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని పెద్దలన్నది మాటతీరు గురించి. నేను రాస్తున్నది మాత్రం అచ్చంగా నోటి గురించే: పళ్ళు, చిగుళ్ళు, నాలుక. అందులోనూ మనం తలచుకోవడానికి మొహమాటపడే కొందరు కుర్రాళ్ళ నోటి గురించి. ఒమాన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు కుర్రాళ్ళలో మగవాళ్ళనే ఇష్టపడేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళూ మన తమ్ముళ్ళే, మేనల్లుళ్ళే. నేను డాక్టరును కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. ఏదైనా చెడిపోతే కారణాలను ఒక్కొక్కటిగా విడదీసి చూడడం నా వృత్తి. ఇక్కడా ఆ పనే చేస్తాను.

ముందు అందరికీ వర్తించే కారణాలు. పంటి పాచిలోని బాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. నోటిలో పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. దాన్ని మళ్ళీ సరిచేసేది లాలాజలం. మస్కట్ ఎండలో పనిచేస్తూ నీళ్ళు చాలినన్ని తాగకపోతే నోరెండిపోతుంది. పైగా గంటకో తీపి టీ, మధ్యలో కూల్‌డ్రింకు! ఇక లాలాజలానికి తీరికెక్కడిది? దీనికి పొగాకు తోడు. నమిలే పొగాకు అమ్మకం ఒమాన్‌లో నిషేధమైనా 'అఫ్జల్' చాటుగా దొరుకుతూనే ఉంది. పొగాకు చేసే చేటు మనకు కొత్త కాదు. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డచుట్ట కాల్చే ఆడవాళ్ళకు అంగిట్లో కేన్సర్ వస్తోందని వైద్యులు దశాబ్దాల క్రితమే గుర్తించారు.

ఇక ఈ కుర్రాళ్ళకు అదనంగా ఉన్న బరువు. తానెవరో నిత్యం దాచుకుని బతకడమే ఆరోగ్యాన్ని తింటుందని ఇలాన్ మేయర్ అనే శాస్త్రవేత్త 2003లో వివరించాడు. అమెరికాలో గే యువకుల్లో పొగతాగేవాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. నల్లజాతి, లాటినో కుర్రాళ్ళకైతే రంగు వివక్ష కూడా తోడవుతుంది. ఇక్కడ మనవాడికి రంగుతోపాటు వీసా భయం, చట్టం భయం. 2018 నాటి ఒమాన్ శిక్షాస్మృతి ప్రకారం స్వలింగ సంపర్కానికి ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. అలాంటప్పుడు డాక్టరు ముందు మనసు విప్పేదెవరు? "పెళ్ళెప్పుడురా?" అన్న ప్రశ్నకు జడిసి తెలుగువాళ్ళ కూటాలకు రానివాడికి, మంచి పళ్ళ డాక్టరు ఎక్కడున్నాడో చెప్పేవాళ్ళు కూడా ఉండరు. పన్ను సలుపుతుంటే మాత్ర మింగి పడుకుంటాడు. చిన్న ఫిల్లింగుతో పోయేది పన్ను పీకించుకునేదాకా వస్తుంది.

దాచడంవల్ల ప్రాణం మీదికి వచ్చేవి రెండున్నాయి. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పూత కొన్నిసార్లు హెచ్‌ఐవీకి తొలి ఆనవాలు కావచ్చు. అయితే పూత ఉన్నంత మాత్రాన హెచ్‌ఐవీ అని కాదు. షుగరువల్లా, యాంటీబయాటిక్స్ వాడినా రావచ్చు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. రెండోది హెచ్‌పీవీ వైరస్. గొంతు కేన్సర్లలో కొన్నింటికి ఇదే కారణం. దీనికి టీకా ఉంది. చిన్న వయసులో వేయిస్తే ఎక్కువ మేలు.

గల్ఫు వీసా వైద్య పరీక్షల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉంటుంది కనుక ఇక్కడ అడగడానికి జంకడం సహజం. సెలవుకి ఊరెళ్ళినప్పుడు ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీ కేంద్రంలో పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. ఇండియాలో 1097కి ఫోన్ చేస్తే సలహా చెబుతారు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం వైద్యంలో వివక్షను నిషేధించింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పెద్దవాళ్ళ మధ్య పరస్పర సమ్మతితో జరిగే స్వలింగ సంబంధం అక్కడ నేరం కాదు. మందులు క్రమంగా వాడి వైరస్ కనిపించనంతగా తగ్గితే, శృంగారంవల్ల ఇతరులకు అంటదు. ఒకే కప్పులో టీ తాగితే అసలే అంటదు.

కుటుంబాలుగా మనం చేయగలిగింది పెద్ద పనేమీ కాదు. సెలవుకి వచ్చిన కుర్రాడికి పెళ్ళిచూపులకంటే ముందు పళ్ళ డాక్టరును చూపించండి. గదిలోకి తోడు వెళ్ళకండి. డాక్టరుతో ఏం మాట్లాడాడో ఆరా తీయకండి. తనంతట తానే ఏదైనా చెబితే, అడ్డు తగలకుండా చివరిదాకా వినండి.