వేషం ఒక్కటే... నేస్తాలు ఇద్దరు!

వేసవి వస్తే చాలు, న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్ షెల్డ్రేక్‌లో ఉన్న స్టేజ్‌డోర్ మేనర్ నాటక శిబిరం టీనేజీ పిల్లలతో కళకళలాడుతుంది. 1975లో మొదలైన ఈ శిబిరంలో చేరిన అందరికీ ఏదో ఒక వేషం ఖాయం. కానీ నాటకానికి కథానాయిక ఒక్కరే కదా! చిక్కంతా అక్కడే.

చిన్నప్పుడు అక్కడ గడిపిన టాడ్ గ్రాఫ్ ఆ అనుభవాలతోనే 2003లో 'క్యాంప్' సినిమా తీశాడు. అందులో ఫ్రిట్జీ అనే అమ్మాయి స్నేహం కోసం తపిస్తూ నాయిక జిల్‌కి ఊడిగం చేస్తుంది. జిల్ ఛీకొట్టేసరికి, ఆమె తాగే పానీయాన్ని కల్తీ చేస్తుంది. జిల్ వేదికపైనే జబ్బుపడితే, ఆ పాట తనే అందుకుంటుంది. పాత్ర దక్కింది, నేస్తం దక్కలేదు!

శిబిరం నుంచి వచ్చిన పిల్లల్ని 'ఏ వేషం ఇచ్చారు?' అనే కాదు, 'ఎవరితో స్నేహం కుదిరింది?' అనీ అడగాలి.