రెండు పడవల మీద కాళ్ళు

ఇంటర్‌లో చేరిన రోజే మా నాన్న నా స్పైక్స్ అటకెక్కించేశారు. "రెండు పడవల మీద కాళ్ళెట్టకమ్మా, సదువుకో" అన్నారు. మాది ఆమదాలవలస. దగ్గర్లోనే ఊసవానిపేట, కరణం మల్లీశ్వరి గారి ఊరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆవిడ మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు.

అదే సిడ్నీలో 17 ఏళ్ల ఆస్ట్రేలియా అమ్మాయి జానా పిట్‌మన్ 400 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తింది. 2003లో, 2007లో ప్రపంచ ఛాంపియన్ అయింది. గాయం వల్ల 2012 ఒలింపిక్స్ పోయాయి. 2013లో మెడిసిన్‌లో చేరింది. చదువుతూనే 2014 సోచి వింటర్ ఒలింపిక్స్‌లో బాబ్‌స్లే ఆడింది. తర్వాత డాక్టర్ అయింది.

హర్డిల్స్ ఎక్కడ, మంచు మీద జారే బండి ఎక్కడ అనిపిస్తుంది కదా? ఇద్దరెక్కే ఆ బండిని మొదట దాదాపు 50 మీటర్లు తోస్తూ పరుగెత్తి, లోపలికి దూకాలి. ముందున్న పైలట్ నడుపుతుంది. వెనక ఉండే ఆమె గట్టిగా తోసి, చివర్లో బ్రేక్ వేస్తుంది. జానాది వెనక సీటే. ఆ తోపుకి కావలసింది స్ప్రింటర్ కాళ్ళు, బరువులెత్తిన బలం. ఆ రెండూ హర్డిల్స్‌లోనే సంపాదించుకుంది. అందుకే రెండో ఆట సున్నా నుంచి మొదలవలేదు.

చదువు అలా కాదు. దానికి గంటలు విడిగా తియ్యాల్సిందే. అక్కడ నాన్న మాట నిజమే. కానీ గంటలు తియ్యడం వేరు, పడవ దిగిపోవడం వేరు.

మొన్న సంక్రాంతికి స్పైక్స్ కిందకి దించాను. కాళ్ళకి పట్టలేదు. కొత్తవి కొనాలి. నాన్నకి ఇంకా చెప్పలేదు.