యుద్ధకాలంలో అత్యవసర సేవల మనస్తత్వవేత్తల మానసిక నిస్సత్తువ, నివారణ

యుద్ధకాలంలో అత్యవసర సేవా విభాగాలలో పనిచేసే మనస్తత్వవేత్తలు నిరంతరం ఇతరుల దుఃఖానికి దగ్గరగా ఉండటం వలన క్రమంగా తమ శక్తిని, సానుభూతిని కోల్పోయే స్థితిని మానసిక నిస్సత్తువ అనవచ్చు. దీనినే ఆంగ్లంలో బర్నౌట్ అంటారు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా పూర్తిస్థాయి దండయాత్ర మొదలైన తరువాత ఆ దేశపు ప్రభుత్వ అత్యవసర సేవా విభాగంలో ఈ సమస్యకు ప్రత్యేక ప్రాధాన్యం ఏర్పడింది.

భావన చరిత్ర

1974లో అమెరికా మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ఈ స్థితిని గురించి శాస్త్రీయ పత్రికలో వివరించాడు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దీనిని కొలిచే ప్రశ్నావళిని ప్రచురించారు. వారి ప్రకారం దీనికి మూడు ముఖాలున్నాయి: భావోద్వేగ శక్తి హరించుకుపోవడం, ఎదుటివారిని మనుషులుగా గాక కేసులుగా చూడటం, తాను సాధిస్తున్నదేమీ లేదనిపించడం. 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని వ్యాధిగా కాక వృత్తి సంబంధమైన స్థితిగా పేర్కొన్నది. అనగా దీని మూలం వ్యక్తి బలహీనతలో కాక, పని పరిస్థితులలో వెదకవలసి ఉంటుంది.

పని స్వభావం

క్షిపణి దాడి జరిగిన చోట శిథిలాలను తొలగిస్తున్నంతసేపూ ఈ మనస్తత్వవేత్తలు బాధితుల బంధువుల వద్ద ఉంటారు. మరణవార్త తెలిపే సమయంలోను, మృతదేహాలను గుర్తించే సమయంలోను వారికి తోడుగా నిలుస్తారు. 2023 జనవరి 14న ద్నీప్రో నగరంలో తొమ్మిదంతస్తుల నివాస భవనంపై జరిగిన దాడిలో 46 మంది మరణించారు. అక్కడ గాలింపు దాదాపు మూడు రోజులు సాగింది. శిథిలాలలో పనిచేసే రక్షక సిబ్బందికి మానసిక సహాయం అందించే బాధ్యత కూడా ఈ మనస్తత్వవేత్తలదే.

కారణాలు

శాంతికాలంలో వైద్యుడు పని ముగించుకొని సురక్షితమైన ఇంటికి చేరుతాడు. యుద్ధంలో ఆ ఎడం ఉండదు. సైరన్లు, విద్యుత్ కోతలు, సరిహద్దులో ఉన్న ఆత్మీయులను గూర్చిన భయం బాధితునికీ సహాయకునికీ ఒక్కటే. పైగా తాను ఓదార్చిన వ్యక్తి తరువాత ఏమయ్యాడో చాలాసార్లు తెలియదు. కాబట్టి చేసిన పనికి ఫలితం కంటికి కనిపించదు. ఇతరులకు ధైర్యం చెప్పవలసినవారు తాము సహాయం అడగడానికి సంకోచించడం మరొక కారణం.

లక్షణాలు

నిద్రలేమి, విసుగు, తలనొప్పి, పని పట్ల విముఖత, బాధితుల మాటలు వింటున్నా మనసుకు ఏమీ తాకకపోవడం ముఖ్య లక్షణాలు. చార్లెస్ ఫిగ్లీ 1995లో వివరించిన కరుణాలసట దీనికి దగ్గరిదే అయినా, అది ఒక్క ఘటనతో అకస్మాత్తుగా కూడా రావచ్చు. నిస్సత్తువ మాత్రం నెమ్మదిగా పేరుకుంటుంది.

నివారణ

సంస్థాగతంగా చేయదగినవి:

- పని గంటలకు హద్దు, తీవ్ర ఘటనల తరువాత తప్పనిసరి విశ్రాంతి
- ఒంటరిగా కాక ఇద్దరిద్దరుగా పంపడం, వంతులవారీగా స్థలం మార్చడం
- అనుభవజ్ఞుల క్రమబద్ధ పర్యవేక్షణ, అనగా తప్పులెన్నే తనిఖీ కాక కష్టమైన సందర్భాలను కలిసి చర్చించడం
- 1950లలో లండన్‌లో మైఖేల్ బాలింట్ వైద్యుల కొరకు ప్రారంభించిన తరహా చర్చా బృందాలు

ఘటన జరిగిన వెంటనే ప్రతివారిచేతా అనుభవాన్ని వివరంగా చెప్పించే ఒక్క విడత సమావేశం వలన తరువాతి మానసిక రుగ్మతలు తగ్గుతాయనడానికి ఆధారాలు లేవని పరిశోధనల సమీక్షలు తేల్చాయి. అందువలన మాట్లాడమని బలవంతపెట్టరాదు. కోరినవారికి అవకాశం ఉండాలి.

వ్యక్తిగతంగా నిద్ర, ఆహారం, వ్యాయామం, పనికి సంబంధం లేని స్నేహాలు తోడ్పడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తదితరులు 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స కరదీపికలో సహాయకులు తమను, తోటివారిని చూసుకోవడానికి ఒక అధ్యాయమే కేటాయించారు.

పరిమితులు

దాడులు ఆగనప్పుడు, సిబ్బంది కొరత ఉన్నప్పుడు విశ్రాంతి ఇవ్వడం సులభం కాదు. అయినా అలసిన మనస్తత్వవేత్త విధులు వదలి వెళ్ళిపోతే, శిథిలాల వద్ద వేచి ఉన్న కుటుంబాలకు అంత అనుభవమున్న మరొకరు వెంటనే దొరకరు. కనుక ఈ నివారణ చర్యలను సౌకర్యంగా కాక, రక్షణ కార్యక్రమంలో భాగంగానే పరిగణించవలసి ఉంటుంది.