కొండాపూర్ మ్యూజియంలో కోటగడ్డ మట్టి బొమ్మలు

సంగారెడ్డి: సెలవు రోజుల్లో హైదరాబాద్ నుంచి ముంబై రోడ్డు పట్టి వచ్చేవారు మంజీరా మొసళ్లను, సింగూరు నీళ్లను చూసి వెనుదిరుగుతుంటారు. అదే తోవలో పక్కకు మళ్లి, చెరువు కట్టలు, ఎర్ర చెలకలు చూసుకుంటూ కొండాపూర్ వెళితే కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం ఉంది.

ఊరి దగ్గరి కోటగడ్డ దిబ్బను నిజాం ప్రభుత్వం 1941-42లో తవ్వించగా శాతవాహనుల నాటి వస్తువులు బయటపడ్డాయి. రోమన్ నాణెం గురించి అందరూ చెప్పుకుంటారు గాని, నిలబడి చూడవలసినవి తెల్ల సుద్దమట్టి బొమ్మలు. ముందుకొకటి, వెనుకకొకటి రెండు అచ్చుల్లో మట్టి అద్ది, అతికించి కాల్చేవారు. అందుకే లోపల బోలు. కొప్పుల తీరు చూస్తే ఆనాటి ఆడవారి సింగారం తెలుస్తుంది. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండలకు పూసింది రంగు కాదు. బోర్లించి కాల్చడంతో లోనికి గాలి తగలక నల్లబడ్డాయి. ఈ కిటుకు కుమ్మరులకు చెప్పనక్కరలేదు.

ఇలాంటి పెంకులు తేలే పాటిదిబ్బలు తెలంగాణ పల్లెల్లో ఎన్నో. పొలానికి బలమని పాటిమన్నును వెనుక బండ్లతో, ఇప్పుడు ట్రాక్టర్లతో తోలుతున్నారు. పొరలు చెదరకుండా తవ్వితేనే ఏ కుండ ఏ కాలానిదో తేలుతుంది. చెలకలో చల్లాక ఆ పెంకుకు ఊరూ పేరూ ఉండవు. పలుగుకు బొమ్మ గాని, నాణెం గాని తగిలితే పని ఆపి తహశీల్దారుకు తెలపడం మంచిది.

మ్యూజియానికి శుక్రవారం సెలవు.