రాక్ పాటలో తబలా... మన ఊళ్ళో డోలు, డప్పు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో తబలా అందరికీ తెలిసిన వాద్యమే. గుడిలో భజన అయినా, వాడకట్టులో చిరుతల రామాయణం అయినా హార్మోనియం పక్కన తబలా ఉండాల్సిందే. ఆ జంట వాద్యాలు అరవై ఏళ్ళ కిందట గిటార్ల సరసన చేరి, రాక్ సంగీతంలో తమ చోటు సంపాదించుకున్నాయి. ఆ ప్రయాణంలోని కొన్ని విశేషాలు ఇవి. వాటితో పాటు మన డోలు, డప్పుల ముచ్చట్లు కూడా.

కారు వచ్చాకే తెలిసింది

1966 ఏప్రిల్‌లో లండన్‌లో ఉంటున్న అనిల్ భగవత్ అనే తబలా వాద్యకారుడికి ఒక రికార్డింగు కోసం పిలుపు వచ్చింది. ఎవరి పాటకో ఆయనకు తెలియదు. ఇంటి ముందు రోల్స్‌రాయిస్ కారు ఆగాకే అది బీటిల్స్ రాక్ బృందం పాటని అర్థమైంది. బృంద సభ్యుడు జార్జ్ హారిసన్ రాసిన ఆ పాట పేరు ‘లవ్ యు టు’. భగవత్ 16 మాత్రల తాళం పట్టి, మధ్యమధ్య తన మనోధర్మం చూపించారు. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన ‘రివాల్వర్’ ఆల్బమ్ అట్ట మీద ఆయన పేరు అచ్చయింది. బయటి వాద్యకారుల పేర్లు అట్ట మీద వేయడం బీటిల్స్ చాలా అరుదుగా చేసిన పని.

బొంబాయిలో బీటిల్స్ పాట

1968 జనవరిలో హారిసన్ బొంబాయిలోని హెచ్ఎంవీ స్టూడియోకు వచ్చి, మన వాద్యకారులతో ‘ది ఇన్నర్ లైట్’ పాటకు సంగీతం రికార్డు చేయించుకున్నారు. రెండు నెలల తర్వాత అది బీటిల్స్ రికార్డుకు రెండో వైపున వచ్చింది. హారిసన్ రాసిన పాట ఒకటి బీటిల్స్ సింగిల్ రికార్డులో చోటు చేసుకోవడం అదే మొదలు.

హెండ్రిక్స్ శ్రోతగా కూర్చున్న వేళ

1967 జూన్ 18న అమెరికాలోని మాంటెరే పాప్ ఉత్సవంలో పండిత్ రవిశంకర్ సితార్‌కు ఉస్తాద్ అల్లా రఖా తబలా తోడైంది. ఆ కచేరీ విన్నవాళ్ళలో గిటార్ వీరుడు జిమీ హెండ్రిక్స్ ఒకరు. అదే రాత్రి ఆయన తన గిటార్‌కు నిప్పుపెట్టి చరిత్రకెక్కారు. రెండేళ్ళ తర్వాత 1969 ఆగస్టు 15న వుడ్‌స్టాక్ ఉత్సవంలో ఇదే జోడీ వానలో కచేరీ చేసింది.

శ్రుతి చేస్తుంటేనే చప్పట్లు

1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ బాధితుల కోసం పెద్ద కచేరీ జరిగింది. రవిశంకర్ బృందం వాద్యాలను శ్రుతి చేసుకోగానే జనం అదే పాట అనుకుని చప్పట్లు కొట్టారు. శ్రుతే ఇంత నచ్చితే వాయింపు ఇంకా నచ్చాలని రవిశంకర్ మర్యాదగా అన్నారు. ఆ పొరపాటుకు శ్రోతలను తప్పుపట్టలేం. రాక్ డ్రమ్ముల్ని పాట పాటకూ స్వరానికి సరిచేసుకునే అలవాటు వాళ్ళు చూడలేదు. తబలాకు ఆ పని తప్పనిసరి. చిన్న సుత్తితో అంచు మీద కొడుతూ, బద్దీల కింద ఉన్న గట్టాలను జరుపుతూ, గాయకుడి ఆధార షడ్జమానికి కలిపేదాకా వాద్యకారుడు పాట మొదలుపెట్టడు. ఒక తబలా ఒకటి రెండు స్వరాల మేరకే పెరుగుతుంది, తగ్గుతుంది. పాట శ్రుతి బాగా మారితే తబలానే మార్చాలి.

నల్లచుక్కలో ఉంది రహస్యం

మామూలు డ్రమ్ము కొడితే చప్పుడొస్తుంది. తబలా కొడితే స్వరం పలుకుతుంది. ఎందుకు? చర్మం నడుమ కనిపించే నల్లచుక్క వల్ల. ఇనుప పొడి, పిండి కలిపిన ముద్దను పొర మీద పొరగా పూసి, ఒక్కో పొరనూ రాయితో రుద్దుతూ ఆరబెడతారు. నడుమ బరువు పెరగడంతో చర్మం కంపనాలు ఒక క్రమంలోకి వస్తాయి. ఈ సంగతిని శాస్త్రీయంగా వివరించింది సర్ సి.వి. రామన్. 1920లో ‘నేచర్’ పత్రికలో, 1930ల మధ్యలో మరో పరిశోధన వ్యాసంలో ఆయన మన తాళవాద్యాల ప్రత్యేకతను రుజువు చేశారు. చెవితో, చేత్తో తరతరాలుగా దీన్ని సాధించింది మాత్రం పేరు తెలియని చర్మకారులే.

పది మాత్రల రాక్ పాట

రాక్ పాటల్లో ఎక్కువ భాగం నాలుగు మాత్రల లెక్కలో నడుస్తాయి. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం డ్రమ్మర్ మికీ హార్ట్ అల్లా రఖా దగ్గర లయ నేర్చుకున్నారు. ఆ తర్వాత వాళ్ళ ‘ప్లేయింగ్ ఇన్ ద బ్యాండ్’ పాట పది మాత్రల లెక్కలో నడిచింది. హార్ట్, అల్లా రఖా కుమారుడు జాకిర్ హుస్సేన్ కలిసి 1976లో ‘దిగా’ ఆల్బమ్ చేశారు. తర్వాత ఘటం విద్వాంసుడు విక్కు వినాయక్‌రామ్ కూడా ఉన్న వాళ్ళ ‘ప్లానెట్ డ్రమ్’, ప్రపంచ సంగీత విభాగంలో మొదటి గ్రామీ గెలిచింది. 2024 ఫిబ్రవరి 4న జాకిర్ ఒకే రాత్రి మూడు గ్రామీలు అందుకున్నారు. ఆ డిసెంబరు 15న 73 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

పాలకొల్లు మాండొలిన్ పక్కన

జాకిర్, గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ నడిపిన ‘రిమెంబర్ శక్తి’ బృందంలో మన తెలుగువాడు ఒకరున్నారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్. విద్యుత్ మాండొలిన్ మీద కర్ణాటక రాగం సాగుతుంటే, వెనక తబలా, కంజీర పోటీపడేవి. 2014లో 45 ఏళ్ళకే ఆయన వెళ్ళిపోవడం తెలుగువారికి తీరని లోటు.

తబలా వాయిస్తూ పాడిన గాయకుడు

మన దేశంలో రాక్‌కు తబలాను సొంతం చేసిన బృందం 1990లో ఢిల్లీలో మొదలైన ఇండియన్ ఓషన్. అషీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూనే పాడేవారు. 2000లో వచ్చిన ‘కందీసా’ ఆల్బమ్ వినండి. గిటార్, బేస్, డ్రమ్ముల మధ్య తబలా చుట్టంలా వచ్చిపోదు, పాటను నడిపిస్తుంది.

సిరిసిల్ల చెవికి తెలిసిన సంగతి

డ్రమ్‌సెట్, తబలా కలిస్తే ఏమవుతుందో సిరిసిల్లవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. వీధి వీధిలో సాంచాలు (మరమగ్గాలు) తప్పకుండా ఒకే లయలో ఆడుతుంటాయి. డ్రమ్‌సెట్ బీటు అలాంటిది. తబలా ఆ పడుగులో పేకలా దూరి, ప్రతి వరసకూ కొత్త అల్లిక తెస్తుంది. చిక్కల్లా శబ్దంతోనే. విద్యుత్ గిటార్ల హోరులో వేళ్ళ నాజూకు మునిగిపోతుంది. అందుకే కుడికొకటి, ఎడమకొకటి మైకులు పెట్టడం వేదికల మీద మామూలైంది.

హైదరాబాద్ వేళ్ళు

షోలాపూర్‌లో పుట్టి హైదరాబాద్‌ను ఇల్లు చేసుకున్న ఉస్తాద్ షేక్ దావూద్ ఖాన్ ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రంలో తబలా విద్వాంసుడిగా పనిచేశారు. దేశంలోని పెద్ద పెద్ద గాయకులకు సహకారం అందించారు. తబలా బొంబాయి, బనారస్‌ల సొత్తు మాత్రమే కాదనడానికి ఆయనే సాక్ష్యం.

పెద్దాపూర్ మల్లన్న డోళ్ళు

కోరుట్ల దగ్గర, మెట్‌పల్లి మండలంలోని పెద్దాపూర్‌లో మల్లన్న జాతర జరిగితే వేల బోనాలు కదులుతాయి. ముందు ఒగ్గు డోళ్ళు. డోలు దించకుండానే ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి కోట కట్టి వాయించే విన్యాసం చూసితీరాలి. వేములవాడ దగ్గరి హనుమాజీపేటకు చెందిన ఒగ్గుకథకుడు మిద్దె రాములు ఆ డోలుతో మారిషస్ దాకా వెళ్ళివచ్చారు. 

సెగ మీద డప్పు

డప్పు వాయించే ముందు ఏం చేస్తారో గమనించారా? ఎండుగడ్డి మంట వేసి, డప్పును అటూ ఇటూ తిప్పుతూ సెగ చూపిస్తారు. తేమకు సడలిన తోలు బిగుసుకుంటుంది. మధ్యలో ఒకసారి కొట్టి వింటారు. ‘కణ్’మని మోగేదాకా మళ్ళీ సెగ. అదీ శ్రుతి చేయడమే. తర్వాత కుడిచేత సిర్ర, ఎడమచేత సన్నని సిటికెన పుల్ల. సిర్ర దెబ్బ వేస్తే, సిటికెన పుల్ల ఆ దెబ్బల సందుల్లో చిటచిటలు నింపుతుంది. డప్పు కేవలం పండగ వాద్యం కాదు. రైతుకూలీలు జరిపిన 1978 సెప్టెంబరు 7 నాటి జగిత్యాల జైత్రయాత్రను గుర్తుచేసుకునే ఉద్యమ పాటల్లో డప్పే ప్రధాన వాద్యం.

వెండితెర మీద మన వాద్యం

సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి దర్శకత్వంలో 2023లో వచ్చిన ‘బలగం’ను ఈ ప్రాంతంలోనే చిత్రీకరించారు. చివర బుడగ జంగాల పాట థియేటర్లలో జనాన్ని ఏడిపించింది. ఊరి పాటకు, ఊరి వాద్యానికి పెద్ద ఆర్కెస్ట్రా తోడు లేకున్నా సరిపోతుందని ఆ ఒక్క సినిమా చూపించింది.

ఒక మాట

తబలాను రాక్ బృందాలు ఎందుకు కోరుకున్నాయి? మామూలు డ్రమ్ముకు లేని స్వరం, వేళ్ళ నాజూకు దానికున్నాయి కాబట్టి. మన ఒగ్గు డోలుకు, డప్పుకు కూడా అంతే బలముంది. కానీ ఇవాళ పెళ్ళి బారాత్‌లో డీజే పెట్టెలు, భజనలో ఆక్టోప్యాడ్ వచ్చి, ఆ చేతులకు పని తగ్గింది. పెళ్ళికో, పండగకో, కాలేజీ వేడుకకో ఈసారి డోలు, డప్పు బృందాన్ని పిలవండి. తగిన కూలి ఇవ్వండి. ఊళ్ళో గిటార్ నేర్చుకునే పిల్లలుంటే వాళ్ళను ఆ బృందం పక్కన కూర్చోబెట్టండి. అల్లా రఖా పక్కన కూర్చున్న మికీ హార్ట్‌కు దొరికిందే వాళ్ళకూ దొరుకుతుంది.