ఎపాక్సీ వేసే ముందు నేల చూడండి

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొన్న మనవాళ్లు అడిగే మాట ఒకటే: గరాజ్‌లో ఎపాక్సీ మనమే వేసుకోవచ్చా? వేసుకోవచ్చు. అయితే డబ్బా మూత తీసేముందు నేల సంగతి చూడాలని సైట్లలో పనిచేసే మేము చెబుతుంటాం.

కొత్త కాంక్రీటయితే కనీసం 28 రోజులు ఆగాలి. 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగంచులా టేపు వేసి, 16 గంటలు వదిలేయండి. కింద చెమ్మ పట్టినా, నేల నల్లబడినా పూత నిలవదు. వేడి టైరుకు అతుక్కుని పొరలుగా లేచొస్తుంది.

తర్వాత నూనె మరకలు కడిగి, నేలను గ్రైండర్‌తో గరుకు చేయాలి. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను దెబ్బతీస్తే మళ్లీ బాగుపడవు. అందుకే నిర్మాణ పనుల్లో ఘనపు మీటరు గాలికి ఎనిమిది గంటల సగటున 50 మైక్రోగ్రాములు మించరాదన్న నిబంధనను ఓషా 2017 నుంచి అమలు చేస్తోంది. వాక్యూమ్ బిగించని గ్రైండర్‌ను ఎవరిచ్చినా పట్టుకోకండి.

గరాజ్‌లో గ్యాస్ హీటరుంటే ముందే ఆర్పేయండి. సాల్వెంటు ఆవిరి అంటుకుంటే ఇల్లే పోతుంది. రెండు భాగాలూ కలిపిన ఎపాక్సీ డబ్బాలోనే ఉంటే వేడెక్కి గడ్డకడుతుంది. వెంటనే నేలపై పోసి రోలర్ లాగాలి.

నేల తడిగా ఉందంటే పని ఆపేయండి. వారం ఆలస్యమైనా ఫర్వాలేదు, ఊడిన పూత గీకడం రెట్టింపు చాకిరీ.